కరెంటు పోయినప్పుడు లేచిన గోడలు

పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డ వేళ ఫోను మోగింది. అవతల మా అన్న రాజేశం. జీవితమంతా సాంచెల చప్పుడులో, అంటే మరమగ్గాల మధ్య, బతికిన మనిషి. ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదు. ఫోను చెవికి దూరంగా పట్టుకుని వినడం మాకందరికీ అలవాటు. ఆ ఉదయం మాత్రం గొంతు ఎంత తగ్గిందంటే ఫోనును చెవికి అదుముకోవలసి వచ్చింది.

"సరోజా, మీ వదినె లేస్తలేదు" అన్నాడు.

"ఎంత లేపినా లేస్తలేదా?" అని అడిగాను, బుద్ధిహీనంగా.

"ఎంత లేపినా లేస్తలేదు." కొంచెం ఆగి, "రాత్రి కడుపునిండ తిన్నది. చెంబెడు నీళ్లు తాగింది. మంచిగ పండింది" అన్నాడు.

జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా బస్సులో కూర్చుని ఆ మాటే తలుచుకున్నాను. మా వదినె శకుంతల పరమపదించిన వార్త నా మనసుకు ఇంకా ఎక్కలేదు. ఆమె రాత్రి కడుపునిండా తిన్నదన్న మాట మాత్రం ఎక్కింది. పోయినవారి గురించి ఎవరింట్లోనైనా ఇదే చెప్పుకుంటారు, ఇందులో విశేషమేముంది అని మీరనుకోవచ్చు. మా ఇంట్లో విశేషం ఉంది. ఒకప్పుడు మా వదినె రాత్రిపూట అన్నం మానేసింది, నీళ్లు మానేసింది. ఆమెకు తిరిగి కడుపునిండా అన్నం తినిపించడానికి మా అన్న ఇల్లు పగలగొట్టి మళ్లీ కట్టుకున్నాడు. ఈ వ్యాసం ఆ కథ కోసమే.

ముందే ఒక మాట. నేను తెలుగు పంతులమ్మగా పనిచేసి విరమించినదాన్ని. కలం పట్టుకుంటే పెద్ద పెద్ద సమాసాలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. మా వదినె బతికి ఉండి ఇది చదివితే "గిదేం భాష పిల్లా, కడుపుల నొప్పి లేసినట్టున్నది" అనేది. ఆమె అంటుందన్న భయంతోనే కొంత తగ్గించి రాస్తున్నాను.

వదినెది కోరుట్ల. పసితనంలో వచ్చిన జ్వరమొకటి ఆమె కుడి కాలిని సన్నగా, బలహీనంగా చేసి పోయింది. నడిచేటప్పుడు ఆ మోకాలి మీద చేయి ఆనించి, ఒక పక్కకు ఒరిగి నడిచేది. పెండ్లిచూపుల నాడు మా అవ్వ, అంటే మమ్మల్ని కన్న తల్లి, అందరి ముందూ "పోరి కుంటుతది గదా" అనేసింది. కోరుట్ల వాళ్లందరూ తలలు వంచుకున్నారు. వదినె మాత్రం తలెత్తింది.

"కుంటుత అత్తా. బీడీలు ఉరుక్కుంట చెయ్యరు గద, కూసోనే చేస్తరు."

మా అన్న ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, "గా పిల్లనే" అన్నాడు. ఎవరెన్ని చెప్పినా మరో మాట అనలేదు.

సంస్మరణ వ్యాసాల్లో గతించిన ప్రతి స్త్రీనీ సహనమూర్తి అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా వదినె సహనమూర్తి కాదు. ఆమె గొంతు పెంచేది కాదు, అంతే. చెప్పదలచుకున్నది ఎదుటివాడు ఎంతటివాడైనా మొహం మీదనే చెప్పేది, బీడీ చుడుతూనే చెప్పేది. అవతలివాడు ఎర్రబడి పోయినంక కూడా ఆమె వేళ్లు ఆగేవి కావు. ఆమెలో శాంతం ఉంది, సహనం లేదు. రెండింటికీ తేడా తెలియనివాళ్లే ఆమెను సాధువనుకున్నారు.

ఎనభైల చివరి రోజులవి. మా ప్రాంతమంతా అన్నల పేరు, అంటే నక్సలైట్ల పేరు, పోలీసుల పేరు చెవిలో చెప్పుకునే కాలం. పగలు ఒకరి భయం, చీకటి పడితే ఇంకొకరి భయం. ఎవరింటికి ఎవరు వచ్చిపోయారో పక్కింటివాళ్లు అడిగేవారు కాదు. మా గల్లీలో ఒక్క ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లమంతా తెల్లవారకముందే చెంబులు పట్టుకుని, ఊరి చివర తుమ్మచెట్ల వైపు గుంపుగా పోయేవాళ్లం. వదినె వెనకబడేది, కాలు అట్లాంటిది మరి. అక్కడికి పోయినా ఆమె కష్టం తీరేది కాదు. గొంతుకూచోవడానికి ఆ మోకాలు వంగదు. తుమ్మకొమ్మ ఒకటి పట్టుకుని ఎట్లాగో తిప్పలు పడేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చాలా రోజులకు గాని తెలియలేదు.

ఒకనాడు అట్లా పోతుండగా దారి మలుపులో జీపు లైట్లు పడ్డాయి. "ఎవరది, ఆగు" అని కేక. అందరం ఉరికాం. నేనూ ఉరికాను. వదినె మాత్రం ఆ కాలితో ఉరకలేక నిలబడింది. పోలీసులు ఆమెను పట్టుకుని, ఉరికినవాళ్లెవరు, ఎటు పోయారు, చెంబులో ఏముంది అని అడిగి, బాగా వెలుగొచ్చేదాకా రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. చేయి చేసుకోలేదు, తిట్టలేదు. కాని పాల కోసం, పని కోసం పోయేవాళ్లంతా చూస్తుండగా, చేతిలో చెంబుతో, వచ్చిన పని కాకుండానే ఒక ఆడమనిషిని అట్లా కూర్చోబెట్టడమంటే ఏమిటో రాసి చెప్పలేను.

ఇంటికి వచ్చి ఏమీ జరగనట్టే బీడీల చేట ఒళ్లో పెట్టుకుంది. అవ్వ ఎంత గుచ్చి అడిగినా "లైటు ఏసిండ్రు, కూసోమన్నరు, కూసున్న" అన్నది. అంతే. కాని ఆ రోజు నుంచి పొద్దు వంగినాక అన్నం ముట్టడం మానేసింది. ఆకలి లేదని ఒకరోజు, ఒక్కపొద్దని ఇంకొకరోజు. తర్వాత నీళ్లు కూడా తగ్గించింది. తినకపోతే, తాగకపోతే చీకట్లో బయటికి పోవలసిన అవసరం రాదు కదా. గల్లీలో ఇంకా చాలామంది ఆడవాళ్లు అదే పని చేస్తున్నారని తర్వాత తెలిసింది. వదినె మనిషి సగమైంది. మూత్రంలో మంట, ఒళ్లంతా వేడి, నిలబడితే కళ్లు తిరిగేవి. ఒకరోజు బీడీల చేట మీదికి ఒరిగిపోతే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం.

డాక్టరమ్మ నాడి చూసి "నీళ్లు బాగా తాగాలమ్మా, ఇట్లయితే కిడ్నీలు చెడిపోతాయి" అని గట్టిగా మందలించింది.

"తాగుత. తాగి యాడికి పోవాలె?" అని అడిగింది వదినె.

డాక్టరమ్మ రాస్తున్న చీటీ ఆపి మా అన్న వైపు చూసింది. ఆ చూపు మా అన్నకు ఎక్కడో గట్టిగా తగిలింది. ఇంట్లోకి వచ్చి చెప్పులు విప్పకుండానే "వానలు పడకముందే ఇంట్లనే కట్టుడు. ఈమె ఇగ బయటికి పోదు" అన్నాడు.

అనడం సులువే. మా గల్లీలోనే ఉండే మేస్త్రిని పిలిస్తే, చాయ్ తాగి, గోడలంటే కడతానన్నాడు. గుంత అనగానే లేచి నిలబడ్డాడు. "గుంత పని నాతోని కాదు రాజేశం. ఇండ్లల్ల గుంత తవ్వుతున్నరంటే డంపు అంటున్నరు. తుపాకులు దాస్తున్నవా అని తవ్వినోన్ని గుంజుకపోతున్నరు. నాకు పిల్లలున్నరు." ఇంకొకడిని అడిగితే వాడూ అదే మాట. తుపాకుల కోసం తవ్వే గుంతలకూ మరుగుదొడ్డి కోసం తవ్వే గుంతకూ తేడా చూసే ఓపిక ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

"మనమే కట్టుకుందం" అంది వదినె.

"నాకు నేసుడు తప్ప ఏమొస్తది?" అన్నాడు అన్న.

"నాకు చుట్టుడు తప్ప ఏమొస్తది? నేర్చుకుందం."

బీడీ ఆకు కత్తిరించే కత్తెర మొనతో నేల మీద గీతలు గీసి చూపించింది. పెరటి వైపున్న పొగచూరిన వంటగదిని పడగొట్టి కడితే అది స్నానాలగది, మరుగుదొడ్డి అవుతుంది. వంట ముందు గదిలోకి వస్తుంది. ముందు గదిలో మా నాయిన నేసిన గుంటమగ్గం తాలూకు గుంత ఉంది; ఆయన పోయి, అన్న సాంచెల పనికి పోవడం మొదలైనాక అది ఖాళీగా పడి ఉంది. పెరట్లో తవ్విన గుంత మట్టితో మగ్గం గుంత పూడుతుంది. మట్టి ఎక్కడికీ మోసే పని లేదు. ఇప్పుడు చెబితే చిన్న సంగతే. అప్పుడు నాకు ఆమె మేధాశక్తి మీద అపారమైన గౌరవం కలిగింది. ఇప్పటికీ అట్లాగే ఉంది.

అవ్వ మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది. మగ్గం గుంత అంటే మాకు పూజ చేసుకునే జాగ. "మీ నాయిన కాళ్లు వెట్టి నేసిన గుంతల మట్టి పోస్తరా? నేను సచ్చినంక పొయ్యుండ్రి" అని గుంతలోనే కాళ్లు జారేసి కూర్చుంది. అన్న బతిమాలాడు, నేను బతిమాలాను. లాభం లేదు. చివరికి వదినె, ఆ కాలితోనే, మెల్లగా ఆ గుంత అంచున అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, ఇన్నొద్దులు గీ గుంతలకెళ్లి ఇంటికి ఏమచ్చింది?"

"ఏమస్తది. బువ్వ."

"ఇగ గూడ బువ్వనే అస్తది. గీడ్నే పొయ్యి పెడుత."

అవ్వ గుంత అంచును అరచేత్తో నిమిరింది. తర్వాత లేచి, గుంతకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మా నాయిన అడ్డం దారం నడిపిన పాత నాడెను అడుగున పెట్టి "పొయ్యుండ్రి ఇగ" అన్నది. మొదటి తట్ట మట్టి ఆమే పోసింది. పోస్తూ ఏడ్చింది. అది చూసి అన్న కూడా ఏడ్చాడు.

ఇక కట్టడం ఎప్పుడు? సాంచెల మీద పనిచేసేవాడికి తీరిక ఉండదు. కాని ఆ రోజుల్లో కరెంటు కోతలు ఉండేవి. కరెంటు పోతే ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దంలో మిగతా పనివాళ్లు బీడీ ముట్టించి అరుగుల మీద కూర్చుంటే, మా అన్న ఇంటికి ఉరికి వచ్చేవాడు. గల్లీ చివర ఆయన కనిపించేసరికే వదినె సిమెంటు కలిపి ఉంచేది. కరెంటు రాగానే మళ్లీ ఊరంతా దడదడ మొదలయ్యేది. అన్న తాపీ అక్కడే పారేసి ఉరికేవాడు. కలిపిన సిమెంటు గట్టిపడిపోతుంది కదా, మిగిలిన వరుస వదినె కట్టేది. ఒక పీట మీద కూర్చుని, వరుస పెరిగినకొద్దీ పీట మీద పీట వేసుకుని కట్టేది. నేను ఇసుక మోశాను, ఇటుకలు తడిపాను. అందుకని ఈ కథకు నేనొక సాక్షిని. కరెంటు పోయిందని గల్లీ అంతా తిట్టుకుంటుంటే మా ఇంట్లో మాత్రం సంబురం. ఒకనాడు రోజంతా కోత లేకుంటే అన్న "గీ కరెంటోళ్లకు ఏం పుట్టింది" అని విసుక్కున్నాడు. సిరిసిల్లలో కరెంటు ఉన్నందుకు విసుక్కున్న నేతగాడు బహుశా ఆయనొక్కడే.

గుంత లోతుకు దిగి, అడుగున ఇటుకల వరుస మొదలైనాక మేస్త్రి చెప్పినదే జరిగింది. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో మాకు తెలియదు. ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. చిన్న వయసు ఎస్సై, వెంట పోలీసులు. తిన్నగా పెరట్లోకి వచ్చారు. కరెంటు కోత సమయం. అన్న గుంతలోనే ఉన్నాడు. చేతిలో తాపీ.

"ఏంరా, ఏం దాస్తున్నవ్?" అన్నాడు ఎస్సై.

అన్న తాపీ కింద పెట్టి చేతులు పైకెత్తాడు. గడప దగ్గర బీడీలు చుడుతున్న వదినె అక్కడి నుంచే చెప్పింది. "దాసుడు కాదు సారూ. పాయిఖానా గుంత."

ఎస్సై నమ్మలేదు. నెరిసిన మీసాల పోలీసు ఒకాయనను గుంతలోకి దిగమన్నాడు. ఆయన దిగి, నాలుగు పక్కలా కట్టెతో పొడిచి, అన్న కట్టడం మొదలుపెట్టిన ఇటుకల వరుసను వేలితో తడిమి, "పాయిఖానాదే సార్. ఇండ్ల ఏం లేదు" అన్నాడు. అని ఊరుకోక అన్న వైపు తిరిగి, "గిట్ల సందు లేకుంట కడితే నీళ్లు యాడికి పోతయయ్యా? నెల తిరక్కముందే నిండుతది. ఇటుకకు ఇటుకకు నడుమ సందు ఇడువు, నీళ్లు ఇంకుతయి" అని చెప్పాడు. మా అన్న మగ్గం మీద సందు కనిపిస్తే నిద్రపోని మనిషి. గుంతను కూడా గుడ్డ నేసినంత దగ్గరగా కట్టిపెట్టాడు.

ఎస్సై పోబోతుంటే వదినె మెల్లగా లేచి నిలబడింది. "సారూ, ఆనాడు పొద్దుగాల తుమ్మల కాడ నన్ను కూసోవెట్టింది మీరే గదా. గప్పుడే గీ గుంత ఉంటే నాకు గా గతి పట్టకపోయేది, మీకు గా పని తప్పేది."

ఎస్సై ఆమె ముఖం చూశాడు, కాలు చూశాడు. ఆయనకు గుర్తొచ్చిందో లేదో తెలియదు. టోపీ సరిచేసుకుని "కట్టుకోండి" అని వెళ్లిపోయాడు. ఇంత ధైర్యం ఎట్లా వచ్చింది వదినె అని అడిగితే, "ధైర్యమేంది? ఉన్నదే చెప్పిన" అన్నది.

గోడల దగ్గర మాకింకో గండం వచ్చింది. తువ్వాలల గళ్లు నేసిన చెయ్యి మా అన్నది. గీత మీద గీత పడకపోతే ఆయనకు పనిచేసినట్టు ఉండదు. అందుకని ఇటుక మీద ఇటుక, అతుకు మీద అతుకు, కింది నుంచి పైదాకా ఒకే నిలువు గీతగా పేర్చాడు. పడుగు దారం కట్టి మరీ చూసుకున్నాడు. చూడటానికి ఎంత అందంగా ఉండెనో చెప్పలేను. గల్లీ వాళ్లు వచ్చి చూసి "నేసినట్టే కట్టినవ్" అని మెచ్చుకున్నారు. పైన రేకులు ఎక్కించే రోజున ఆ బరువుకు గోడ నిలువునా, సరిగ్గా ఆ గీత వెంబడే, చీలింది. సగం గోడ అటు ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అన్న మాత్రం అక్కడే మట్టిలో కూలబడిపోయాడు. ఆకాశంలో మబ్బులు పడుతున్నాయి. అప్పటికి వదినె మజ్జిగ మీద బతుకుతున్నది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"నాతోని కాదు శకుంతలా" అన్నాడు అన్న. ఆయన ఓడిపోయినట్టు మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

వదినె చీలిన గోడను కొంతసేపు చూసింది. "నిలువుగ పడుగొక్కటే పెట్టినవ్. పేక యాడున్నది?" అన్నది.

అన్న తలెత్తాడు. నేతగాడికి ఇంకేం చెప్పాలి. అడ్డం పోగు ఒకదాని మీదుగా, ఇంకొకదాని కిందుగా పోతేనే గుడ్డ నిలుస్తుంది. ఒక ఇటుక సగం మీద ఇంకో ఇటుక సగం పడితేనే గోడ నిలుస్తుంది. నిత్యం చేతులతో చేసే పనే, సిమెంటు ముట్టుకునేసరికి మరిచిపోయాడు. ఆ గోడను ఇటుక ఇటుకగా విప్పి, గీకి, మొదటి నుంచి కట్టారు. ఈసారి ఆయన వరుస ఒకటి, ఆమె వరుస ఒకటి. ఆయన వరుసలు నున్నగా ఉంటాయి, ఆమెవాటిలో బొటనవేలి గుర్తులుంటాయి. సున్నం వేద్దామంటే అన్న ఒప్పుకోలేదు. ఇప్పటికీ చూడవచ్చు.

తలుపు సంగతి చెప్పకపోతే ఆమె నవ్వు మీకు తెలియదు. కొలత టేపు లేక అన్న తన చేతి అలవాటు ప్రకారం కొలిచాడు. ఆయన చేతులకు తెలిసిన వెడల్పు తువ్వాల పన్నా ఒక్కటే. ద్వారం అంతే వచ్చింది. కట్టినాక రాయికల్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ, నిండు మనిషి, చూపిస్తున్న వదినె వెనక లోపలికి అడ్డంగా తిరిగి పోయింది గాని వచ్చేటప్పుడు ఎటు తిరగాలో తెలియక ఇరుక్కుంది. వదినె లోపలి నుంచి తోసింది, నేను బయటి నుంచి గుంజాను. బయటపడ్డాక పెద్దమ్మ రొప్పుతూ "నీ మొగడు తలుపు పెట్టలేదే, తువ్వాల ఆరేసిండు" అన్నది. వదినె గోడకు ఒరిగి, మోకాలు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వింది. చాలా నెలల తర్వాత ఆ నవ్వు చూశాం.

వానలకు ముందే పనైంది. వదినె మోకాలు వంగదని అన్న మరుగుదొడ్డిలో ఇటుకలతో ఎత్తైన పీఠం కట్టి పైన నున్నటి షాబాదు బండ పెట్టాడు. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. అట్లాంటిది మా గల్లీలో ఎవరూ చూసి ఎరుగరు. మగవాళ్లు కూడా సిగ్గువిడిచి వచ్చి చూసిపోయారు. వంటగదిలో నిలబడి వండుకునే బండ, ఆ బండ కింద సన్నకాలి మోకాలు ఆనించడానికి ఒక గూడు. నిలబడి వండితే ఇంట్లో బర్కతు, అంటే సిరి, ఉండదని అవ్వ చాలా రోజులు గొణిగింది. తన మోకాళ్లు పట్టుకున్నాక మరుగుదొడ్డి పీఠాన్నే రోజూ వాడుతూ, వచ్చిపోయేవాళ్లకు "నా కోసమే కట్టిచ్చిన" అని చెప్పుకునేది. వదినె కాదనలేదు.

ఆ మొదటి సాయంత్రం కొత్త బండ మీద వదినె అన్నం వండింది, పప్పుచారు పెట్టింది. అందరికీ వడ్డించి తానూ కంచం పెట్టుకుంది. మేమెవరం ఆమె వైపు చూడనట్టు నటిస్తూ చూస్తున్నాం. తిన్నది. మళ్లీ పెట్టుకుని తిన్నది. చెంబు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఏంది, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నరు" అన్నది. అన్న కంచంలో చేయి కడుక్కుని పెరట్లోకి పోయాడు. నేను వెనకాలే పోయి చూస్తే, కొత్త గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు.

తాను తిన్నది, చాలు అనుకునే మనిషి కాదు ఆమె. మరునాటి నుంచే పెరటి తలుపు గొళ్లెం తీసి ఉంచింది. తుమ్మల వైపు పోయే ఆడవాళ్లందరూ మా ఇంటికే రావడం మొదలైంది. వరుసలో నిలబడేవారు, నెమ్మదిగా మాట్లాడుకునేవారు. చాలామంది స్నానం కూడా అక్కడే పోసుకుని పోయేవారు. బోరింగు నుంచి నీళ్లు తెచ్చి పోయడం అన్న పని. ఒకసారి ఆ వరుసలో మాకు తెలియని పిల్ల ఒకతె నిలబడింది. ఎండకు నల్లబడ్డ మొహం, చిక్కుపడ్డ జుట్టు, మా గల్లీ పిల్ల కాదు. ఆమె వెనకే మా పక్కింట్లో కిరాయికుండే పోలీసాయన భార్య నిలబడి ఉంది. ఆ పిల్ల అన్నల్లోంచి వచ్చిందేమోనని నేను వదినె కొంగు గుంజాను. వదినె ఇద్దరికీ చెరో చెంబు ఇచ్చింది, ఆ పిల్లకు కొబ్బరినూనె కూడా ఇచ్చింది. తర్వాత నేను కోప్పడితే, "నేను పేర్లడుగ సరోజా. నీళ్లు తక్వైతే మాత్రం అడుగుత" అన్నది. ఆ రోజుల్లో అంతకన్న సూటిగా, అంతకన్న న్యాయంగా మాట్లాడినవారిని నేను చూడలేదు. పెద్ద పెద్ద సభల్లో కూడా చూడలేదు.

తర్వాత కాలం మారింది. గల్లీలో ఇంటింటికీ మరుగుదొడ్లు వచ్చాయి, టైల్సు వచ్చాయి, వేడినీళ్ల గీజర్లు వచ్చాయి. మా పెరటి వరుస సన్నబడి సన్నబడి ఆగిపోయింది. వదినెకు అందులో చింత లేదు. "అందరికి అయినయి, మంచిదే" అనేది. ఇల్లు కొత్తగా కట్టుకోమని చాలామంది చెప్పారు. అన్నా వదినెలు ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఆ ఇంట్లో, ఆ బండ దగ్గర, ఆ వేలిగుర్తుల మధ్య, పోట్లాడుకుంటూ నవ్వుకుంటూ సంతోషంగా బతికారు. అంత తృప్తిగా బతికిన దంపతులు నా ఎరుకలో లేరు. ఈ మాట ఆమె లేదన్న బాధతో చెప్పడం లేదు; బతికి ఉన్నప్పుడే మొహం మీద చెప్పాను. "అయితే చాయ్ పెట్టు" అన్నది.

నేను పోయేసరికి వాకిలి నిండిపోయింది. మధ్యాహ్నం తిరిగాక ఆమెను తీసుకుపోయారు. శవం లేచాక ఆడవాళ్లు ఎవరిండ్లకు వాళ్లు పోయి తలస్నానం చెయ్యడం మా దగ్గర పద్ధతి. ఎవరూ పోలేదు. కొంగులు నడుముకు దోపుకుని మా పెరట్లో వరుసగా నిలబడ్డారు. వంగిన ముసలివాళ్లు, వాళ్ల కోడళ్లు, మనుమరాళ్లు. ఇంట్లో గీజర్లున్నవాళ్లు, మేడలున్నవాళ్లు. నేను గల్లీలోని ఒక ముసలామెతో "మీ ఇంట్ల పోసుకోరాదు పెద్దమ్మా, సలి పుడుతది" అన్నాను.

"మా మానం కాపాడిన జాగ ఇది. ఇయ్యాల మా ఇంట్ల ఎట్ల పోసుకుంటమే?" అన్నదామె. చెప్పి తన వంతు కోసం ముందుకు జరిగింది.

శ్మశానం నుంచి వచ్చిన అన్న ఆ వరుసను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే పోయి నల్లా తిప్పి నీళ్లు పట్టడం మొదలుపెట్టాడు. నిండిన బకెటు లోపల పెట్టడం, ఖాళీ బకెటు తేవడం. డెబ్భై దాటినవాడు, భార్యను అప్పుడే బూడిద చేసి వచ్చినవాడు. ఆపుదామని నేను కదలబోతే ఇందాకటి ఆ ముసలామే నా చేయి పట్టుకుని ఆపింది.

పొద్దు గూకేవేళకు వరుస అయిపోయింది. అందరూ తడి జుట్టుతో వెళ్లిపోయారు. అన్న ఇంకో బకెటు నింపి లోపల పెట్టి, బయటికి వచ్చి, తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజుల్లో అందరూ పోసుకుని పోయాక అట్లా ఒక బకెటు నింపి పెట్టేవాడు. చివరగా వదినె పోసుకునేది. ఆ సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

బకెటు తీయలేదు. నీళ్లు పారబోయలేదు. నా వైపు తిరిగి, "నువ్వు పోసుకోలేదు గదా సరోజా. పో" అన్నాడు.

పోయి పోసుకున్నాను.